ఎగువ ఊరి నల్ల వైను

మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డు కట్టిన దుకాణంలో బ్రాందీ ఉంటుంది, విస్కీ ఉంటుంది, రమ్ము ఉంటుంది; అసలు వైను మాత్రం వెతికితే ఏ మూలనో ఒకటో రెండో సీసాలు కనిపిస్తాయి. ద్రాక్షపండ్ల రసాన్ని పులియబెట్టి, బట్టీ పెట్టకుండా నిలవచేసినదే వైను. దాన్ని తాగడం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ పెట్టుకోవడం లేదు. ఒక సరుకు ఎక్కడ పుట్టింది, ఎవరి గుమ్మం దాటి బజారుకు చేరింది, ఆ గుమ్మం దగ్గర కూర్చున్నవాడు ఎంత పుచ్చుకున్నాడు అని ఆరా తీస్తే ఒక ప్రాంతం చరిత్ర మొత్తం బయటపడుతుంది. ఫ్రాన్సు దేశపు కాహోర్ వైను కథ అలాంటిది. ఎనిమిది వందల ఏళ్లనాడే లండను దాకా వెళ్లిన ఈ వైనును ‘నల్ల వైను’ అన్నారు. ఫ్రెంచి ఎర్ర వైనులన్నిటిలో చిక్కనివాటిని లెక్కపెడితే ఇది మొదటి వరసలో ఉంటుంది. అయినా బోర్డో పేరు తెలిసినవాళ్లలో నూటికి ఒక్కరికి కూడా కాహోర్ పేరు తెలియదు. ఎందుకు తెలియదన్నదే ఈ వ్యాసం.

కాహోర్ నైరుతి ఫ్రాన్సులో చిన్న పట్టణం. టూలూజ్ నగరానికి ఉత్తరంగా నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం. లోట్ అనే నది ఆ ఊరిని మూడు వైపులా చుట్టుకుని, అక్కడినుంచి పడమటికి పాములా మెలికలు తిరుగుతూ వెళ్లి గరోన్ నదిలో కలుస్తుంది. గరోన్ బోర్డో రేవు మీదుగా అట్లాంటిక్ సముద్రానికి చేరుతుంది. లోట్ నది మెలికల్లో ఒండ్రు, గులకరాళ్లు కలిసిన నేలలు మెట్లుమెట్లుగా ఉంటాయి. పైకి వెళ్తే సున్నపురాతి మెరక. తోటలు ఈ రెండు చోట్లా ఉన్నాయి. ఈ ప్రాంతానికి పాత పేరు కెర్సీ. నది దారి ఒక్కటే ఈ ఊరికి బయటి ప్రపంచంతో గట్టి సంబంధం. ఆ దారి చివర బోర్డో ఉంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగిలిన కథంతా సులువుగా అర్థమవుతుంది.

ఈ నేల మీద తోటలు రోమనుల కాలంనాటివి. అప్పటి ఊరి పేరు దివోనా. క్రీ.శ. 92లో డొమీషియన్ చక్రవర్తి రాష్ట్రాలలోని ద్రాక్షతోటల్లో సగం పీకివేయాలని ఆజ్ఞ వేశాడు. ధాన్యం కరువు ఒక కారణం, ఇటలీ తోటలకు పోటీ తగ్గించడం ఇంకో కారణం అంటారు. మూడో శతాబ్దంలో ప్రోబస్ చక్రవర్తి ఆ ఆంక్షను ఎత్తివేశాడు. పండించేవాడి చేతికి రాజధానినుంచి సంకెళ్లు రావడం ఈ చరిత్రలో అది మొదటిసారి మాత్రమే.

ఇక ద్రాక్ష సంగతి. కాహోర్ వైనుకు ప్రాణం మాల్బెక్ అనే నల్ల ద్రాక్ష. స్థానికులు దాన్ని కో అనీ, ఒసెర్వా అనీ పిలిచేవారు. తోలు మందం, రంగు దట్టం, వగరు ఎక్కువ. ద్రాక్షరసానికి స్వతహాగా రంగు చాలా తక్కువ. రంగూ వగరూ తోలులో ఉంటాయి. పండ్లు నలిపి రసాన్ని తోలుతో సహా రోజుల తరబడి నానబెడితే ఆ రెండూ రసంలోకి దిగుతాయి. వక్క నమిలినప్పుడు, పచ్చి జామకాయ కొరికినప్పుడు నాలుక మీద పట్టేసే గుణమే ఈ వగరు. కొత్తలో ఇది నోటిని బిగదీస్తుంది. ఓక్ పీపాలో కొన్ని నెలలు, సీసాలో కొన్నేళ్లు ఉంటే మెత్తబడుతుంది. పూర్వం ఇంకో పద్ధతి కూడా ఉండేది. రసంలో కొంత భాగాన్ని కాగబెట్టి చిక్కబరచి తక్కిన దానిలో కలిపేవారు. అలా చేసిన వైను సిరాలా నల్లగా ఉండి, దూర ప్రయాణానికి చెడకుండా నిలిచేది. నల్ల వైను అన్న పేరు అలా స్థిరపడింది.

కాహోర్ పేరు మధ్యయుగంలో మోగింది ఒక్క వైను వల్లనే కాదు, వడ్డీ వల్ల కూడా. బ్యాంకు పనిలో ఉన్నవాణ్ణి గనుక ఈ సంగతి దాటిపోలేను. 13వ శతాబ్దంలో కాహోర్ వర్తకులు లండను మొదలుకొని మధ్యధరా తీరం దాకా అప్పులిచ్చారు. హుండీల వంటి పత్రాలతో ఒక ఊళ్లో పుచ్చుకున్న సొమ్ము ఇంకో ఊళ్లో చెల్లించారు. వడ్డీ పుచ్చుకోవడం పాపమని చర్చి బోధిస్తున్న రోజులవి. ‘కాహోర్సిన్’ అంటే వడ్డీ వ్యాపారి అన్న అర్థం యూరపు భాషల్లో ఏర్పడింది. ఇటలీనుంచి వచ్చిన షావుకార్లను కూడా ఆ పేరుతోనే తిట్టారు. డాంటే తన మహాకావ్యంలో నరకాన్ని విభాగాలు చేస్తూ వడ్డీ పాపానికి గుర్తుగా ఈ ఊరి పేరే పెట్టాడు. ఒక ఊరి పేరు తిట్టుగా మారడం మనకూ తెలిసిందే. డబ్బు అవసరమైనప్పుడు షావుకారు దేవుడు, తిరిగి ఇవ్వవలసినప్పుడు దయ్యం. అయితే ఆ వర్తకులకు మూలధనం ఊరికే రాలేదు. నది మీద దిగిన సరుకుల్లో వైను ముఖ్యమైనది. ఊళ్లో నేటికీ నిలిచి ఉన్న వాలాంత్రే వంతెన పని 1308లో మొదలైంది. మూడు ఎత్తయిన బురుజులతో ఉన్న ఆ వంతెనను చూస్తే అప్పటి ఐశ్వర్యం తెలుస్తుంది. ఈ ఊళ్లో పుట్టినవాడే 1316లో పోపు అయి, 22వ జాన్ పేరుతో ఆవిన్యోనుంచి పాలించాడు. 1332లో సొంత ఊరికి విశ్వవిద్యాలయం ఇచ్చాడు.

ఇప్పుడు గుమ్మం దగ్గరికి వద్దాం. 1152లో అక్విటేన్ రాణి ఎలినోర్ హెన్రీ ప్లాంటాజెనెట్‌ను పెళ్లాడింది. రెండేళ్లకు అతడు ఇంగ్లండు రాజయ్యాడు. ఆ విధంగా బోర్డో మూడు వందల ఏళ్లు ఇంగ్లండు రాజుల కింద ఉంది. ఆ దేశానికి కావలసిన వైనులో పెద్ద భాగం ఈ రేవునుంచి పోయేది. 1308-09లో ఇక్కడినుంచి ఎగుమతి అయిన వైను లక్ష టన్నులు దాటింది. టన్ అంటే అప్పుడు పెద్ద పీపా, సుమారు తొమ్మిది వందల లీటర్లు పట్టేది. ఓడ ఎన్ని టన్నులు మోస్తుందని మనం ఇవాళ అనే లెక్క ఈ వైను పీపాలతోనే పుట్టింది.

ఆ లక్ష టన్నులూ బోర్డోవాళ్లు పండించినవి కావు. పెద్ద భాగం నదుల ఎగువనుంచి, అంటే కాహోర్ వంటి ఊళ్లనుంచి, పడవల్లో వచ్చినదే. బోర్డోవాళ్లకు దీనితో రెండు విధాల లాభం. ఒకటి, రేవు సుంకం. రెండు, తమ సరుకు ముందు అమ్ముకునే హక్కు. రాజుకు విధేయులుగా ఉన్నందుకు ప్రతిఫలంగా వాళ్లు వరసగా సంపాదించుకున్న హక్కులివి: ఎగువ ఊళ్ల వైను ఫలానా తేదీకి ముందు రేవుకు రాకూడదు. తేదీ కాలాన్నిబట్టి మారింది. చివరికి కెర్సీ ప్రాంతపు వైనుకు క్రిస్మస్ దాకా గడువు పెట్టారు.

దీని దెబ్బ ఏమిటో తెలియాలంటే ఆనాటి వ్యాపారం తెలియాలి. సీసా, బిరడా అప్పటికి వాడుకలో లేవు. పీపాలో ఉన్న వైను ఏడాది తిరిగేసరికి పులిసి పాడయ్యేది. అందుకని కొత్త వైనుకే ధర. సెప్టెంబరు, అక్టోబరుల్లో కోత అవగానే ఇంగ్లండు ఓడలు గుంపుగా వచ్చి, క్రిస్మస్ పండగకు అందేలా సరుకు ఎత్తుకుని పోయేవి. ఎగువ ఊరి పడవ క్రిస్మస్ తరవాత రేవుకు చేరేసరికి ఓడలు లేవు, కొనేవాడు లేడు, ఉన్నవాడు అడిగిందే ధర. పైగా బోర్డో కొలత పీపా బోర్డో వైనుకే ప్రత్యేకం. ఎగువవాళ్లు చిన్న పీపాలు వాడుకోవాలి. సుంకాలు మాత్రం పీపాల లెక్కన. పీపా చిన్నదైతే లీటరుకు పడే సుంకం పెద్దదవుతుంది. దీన్ని మించిన లెక్కల మాయ నేను ఏ ఖాతాపుస్తకంలోనూ చూడలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత కాహోర్ రైతుకు చెప్పనక్కరలేదు.

ఇందులో ఇంకో విడ్డూరముంది. పలచబడ్డ తమ వైనుకు రంగూ బలమూ కావలసి వచ్చినప్పుడు బోర్డో వర్తకులు ఈ నల్ల వైనునే కొని అందులో కలుపుకునేవారు. గుమ్మం ముందు ఆపిన వాణ్ణి దొడ్డిదారిన వంటింట్లోకి పిలిచినట్టు. సరుకు పనికొచ్చింది, పేరు మాత్రం పనికిరాలేదు.

1453లో ఇంగ్లండు బోర్డోను పోగొట్టుకుంది. రాజు మారాడు కాని గుమ్మం మారలేదు. ఫ్రెంచి రాజులు కూడా కాలక్రమాన ఆ హక్కులను సాగనిచ్చారు. మరో మూడు వందల ఏళ్ల పైచిలుకు అలాగే గడిచింది. చివరికి పదహారవ లూయీ దగ్గర ఆర్థికమంత్రిగా ఉన్న తుర్గో 1776 ఏప్రిల్‌లో ఒక శాసనం తెచ్చాడు. దేశంలో ఎవరి వైనైనా ఎప్పుడైనా ఎక్కడికైనా పోవచ్చునన్నది దాని సారాంశం. ఆ శాసనం పీఠికలో బోర్డో హక్కులను ఒక్కొక్కటిగా పేర్కొని, ఎగువ ప్రాంతాలకు జరిగిన నష్టాన్ని వివరించాడు. ఆడం స్మిత్ గ్రంథం వెలువడింది కూడా ఆ ఏడాది మార్చిలోనే. శాసనం వచ్చిన మరుసటి నెలలోనే, మే 12న, తుర్గోను పదవినుంచి తొలగించారు. గింజల వ్యాపారం, చేతివృత్తుల సంఘాల విషయంలో అతడు తెచ్చిన మార్పులు చాలామందికి కంటగింపయ్యాయి. బోర్డో న్యాయస్థానం ఈ శాసనాన్ని ఎదిరించింది. ఆ ఊరి హక్కులు పూర్తిగా సమసిపోవడానికి 1789 విప్లవం రావలసి వచ్చింది. అంటే కాహోర్ రైతు సుమారు అయిదు శతాబ్దాలు పొరుగూరి అనుమతి కోసం ఎదురుచూశాడన్నమాట.

ఈ కథలో వైనుతో పాటు వెనకబడింది మరొకటి ఉంది, భాష. మన పత్రిక పాఠకులు దీన్ని ప్రత్యేకంగా గమనిస్తారని నమ్మకం. కాహోర్‌లో మాతృభాష ఫ్రెంచి కాదు, ఒక్సితాన్. నది పేరే సాక్ష్యం. ఒక్సితాన్‌లో నది పేరు ‘ఓల్త్’. దానికి ముందు వచ్చే ‘ల్’ అనే ఉపపదాన్ని కూడా పేరులో భాగమనుకుని ఫ్రెంచివాళ్లు ‘లోట్’ చేశారు. భాష రానివాడు రాసుకుంటే ఊళ్ల పేర్లు ఎలా మారతాయో సరిహద్దు జిల్లాలలో రైల్వేస్టేషను బోర్డులు చదివే మనకు వేరే చెప్పాలా!

1496లో కాహోర్‌లో పుట్టిన క్లెమాన్ మారో ఫ్రెంచి సాహిత్యంలో పెద్ద కవి. తల్లి కెర్సీ ప్రాంతపు మనిషి, తండ్రి ఉత్తరాన నార్మండీవాడు. పదేళ్లు నిండకముందే తండ్రి అతణ్ణి రాజు కొలువున్న చోటికి తీసుకుపోయాడు. తరవాత ఒక కావ్యంలో మారో ఈ సంగతి చెప్పుకున్నాడు: తనను ‘ఫ్రాన్సుకు’ తీసుకుపోయారనీ, అక్కడ తిరిగి తిరిగి తల్లిభాష మరిచి తండ్రిభాష ముతకగా నేర్చుకున్నాననీ. కాహోర్‌నుంచి వెళ్లడాన్ని అతడు ఫ్రాన్సుకు వెళ్లడమన్నాడు! ఆ పిల్లవాడి మనసులో ఊరు ఒక దేశం, రాజధాని మరో దేశం. 1539లో ఫ్రాన్సిస్ రాజు కోర్టు కాగితాలన్నీ ఫ్రెంచిలోనే ఉండాలని శాసించాడు. 1880లలో ఉచిత నిర్బంధ విద్య వచ్చింది, ఫ్రెంచిలోనే. బడిలో ఇంటిభాష మాట్లాడిన పిల్లలకు అవమాన చిహ్నం తగిలించిన కథలు దక్షిణ ఫ్రాన్సులో నేటికీ చెప్పుకుంటారు. యానాం పాఠకులకు ఇక్కడ ఒక మాట. 1954 జూన్ దాకా యానాంలో ఎగిరిన జెండా ఈ ఫ్రాన్సుదే. బయటికి ఒకే భాష, ఒకే జాతిగా కనబడిన ఆ దేశంలోపల కూడా, కచేరీలో ఒక భాష, పొయ్యి దగ్గర ఒక భాషగా బతికిన జనం ఉన్నారు.

బోర్డో పీడ వదిలాక కాహోర్‌కు మంచి రోజులు వచ్చాయి. పంతొమ్మిదో శతాబ్దం మధ్యకు తోటలు విస్తరించాయి. అంతలో ఫిలాక్సెరా వచ్చింది. అమెరికానుంచి మొక్కలతో పాటు చేరిన సన్నని పురుగు ఇది. ద్రాక్ష వేళ్లను పట్టి రసం పీలుస్తుంది. 1860లలో దక్షిణ ఫ్రాన్సులో మొదలై 1870లలో లోట్ లోయకు చేరింది. కొన్నేళ్లలో తోటలు కట్టెలయ్యాయి. విరుగుడు కూడా అమెరికానుంచే దొరికింది. అక్కడి అడవి ద్రాక్ష వేళ్లు పురుగును తట్టుకుంటాయి. ఆ వేరుమొక్క మీద మన కొమ్మను అంటుకట్టాలి. మహారాష్ట్రలోనూ విజయపుర వైపునా తోటలు చూసిన పాఠకులకు ఈ పని తెలిసినదే. అక్కడి రైతులు నీటి ఎద్దడినీ ఉప్పు నేలనూ తట్టుకోవడానికి డాగ్‌రిడ్జ్ అనే అమెరికా వేరుమొక్క మీద అంటుకడతారు. అయితే కాహోర్‌లో అంటు సరిగ్గా కుదరలేదు. మాల్బెక్ కొత్త వేరు మీద విపరీతంగా ఏపుగా పెరిగి పూత రాల్చేసేది. రైతులు విసిగి, నాణ్యం లేకపోయినా కాపు బాగా ఇచ్చే సంకరజాతులు వేసుకున్నారు. మరోపక్క రైలు వచ్చి మధ్యధరా తీరపు చవక వైనును పారిస్‌కు మోసింది. నది మీద పడవలు ఆగిపోయాయి. జనం వలసపోయారు. 1851లో లోట్ జిల్లా జనాభా దాదాపు మూడు లక్షలు; నూరేళ్ల తరవాత అందులో సగం.

నల్ల వైను ఇక లేదనుకునే స్థితిలో 1947లో పార్నాక్ అనే ఊళ్లో రైతులు సహకార సంఘం పెట్టుకున్నారు. విడివిడిగా ఎవరికీ పీపాలు, యంత్రాలు, అమ్మకం ఏర్పాట్లు చేసుకునే స్తోమతు లేదు, కలిసి చేసుకున్నారు. పాత మాల్బెక్‌ను మళ్లీ నాటడం మొదలుపెట్టారు. 1956 ఫిబ్రవరిలో ఘోరమైన మంచు పడి తోటలు దాదాపు అన్నీ చచ్చిపోయాయి. అదే మంచుకు బోర్డోలో కూడా మాల్బెక్ చచ్చింది. బోర్డోవాళ్లు ఆ స్థలంలో ఎక్కువగా మెర్లో వేసి మాల్బెక్‌ను వదిలేశారు. కాహోర్‌వాళ్లు వదల్లేదు. ఎలాగూ మొదటినుంచి నాటాలి, నాటేదేదో మనదే నాటుదామనుకున్నారు. పదిహేనేళ్ల ఆ పట్టుదలకు ఫలితంగా 1971లో ఫ్రెంచి ప్రభుత్వం కాహోర్‌కు ‘అపెల్లాసియో’ గుర్తింపునిచ్చింది. ఫలానా హద్దుల్లో ఫలానా ద్రాక్షతో చేస్తేనే ఆ పేరు పెట్టుకోవాలన్న చట్టం అది. కాహోర్ అని సీసా మీద రాయాలంటే కనీసం నూటికి డెబ్బై పాళ్లు మాల్బెక్ ఉండాలి; మిగిలినది మెర్లో గాని తన్నా గాని. కులగోత్రాలు వెతికే శాస్త్రజ్ఞులు 2009లో ఒక తమాషా సంగతి బయటపెట్టారు. మాల్బెక్‌కూ మెర్లోకూ తల్లి ఒక్కటే, తండ్రులు వేరు. బోర్డో, కాహోర్‌ల తగవు ఒకే తల్లి బిడ్డల తగవన్నమాట.

ఈలోగా ఆ ద్రాక్ష మరో చోట ఇల్లు కట్టుకుంది. 1853లో మిషెల్ పూజే అనే ఫ్రెంచి వ్యవసాయ నిపుణుడు అర్జెంటీనాలోని మెండోసాకు మాల్బెక్ కొమ్మలు పట్టుకుపోయాడు. ఆండీస్ కొండల పాదాల దగ్గర ఎండా, పొడిగాలీ, మంచు కరిగిన నీళ్లూ దానికి బాగా సరిపడ్డాయి. ఇవాళ కాహోర్ తోటలు అటూ ఇటూగా నాలుగు వేల హెక్టార్లు. అర్జెంటీనాలో మాల్బెక్ నలభై వేలు దాటింది. మాల్బెక్ అంటే ప్రపంచానికి అర్జెంటీనాయే. తూర్పున ఇంకో రూపం ఉంది. రష్యా చర్చిల్లో పూజకు వాడే తియ్యని ఎర్ర వైనును ‘కాగోర్’ అంటారు. అది కాహోర్ పేరే. ఇప్పుడు ఆ వైను చేసేది మాత్రం మాల్డోవా, రష్యా వంటి చోట్ల. ఒకచోటికి ద్రాక్ష వెళ్లింది, ఇంకోచోటికి పేరు వెళ్లింది. రెండూ కలిసి ఉన్నది సొంత ఊళ్లో మాత్రమే, ఆ ఊరిని తెలిసినవాళ్లు తక్కువ.

ఈ శతాబ్దంలో కాహోర్ రైతులు కొత్త ఎత్తు వేశారు. తామెన్నడూ వాడని మాల్బెక్ అన్న పేరును సీసాల మీద పెద్ద అక్షరాలతో వేశారు. అది బోర్డో వైపు వాడుకలో ఉన్న పేరు, అర్జెంటీనా ప్రసిద్ధి చేసిన పేరు. సంతలో నలుగురికీ తెలిసిన పేరుతో పిలవకపోతే కొనేవాడు తిరిగి చూడడు. దీన్ని కొందరు లొంగుబాటు అంటారు. నేను అలా అనుకోను. పరభాషలో దరఖాస్తు రాసుకున్నవాడు తన భాష వదులుకున్నట్టు కాదు. ఇంటికొచ్చి ఏ భాషలో బిడ్డను పిలుస్తాడన్నదే లెక్క. వదులుకోవలసిన సందర్భాలు వాళ్లకు చాలా వచ్చాయి: సుంకం, పురుగు, రైలు, మంచు. ప్రతిసారీ కాపు ఎక్కువిచ్చే వేరే జాతి పక్కనే సిద్ధంగా ఉంది. నలుగురు కూర్చుని లెక్కలు వేసుకుని, తమ ద్రాక్షకే నీళ్లు పోశారు.

1947లో పెట్టుకున్న ఆ సహకార సంఘానికి వాళ్లు ఎంచుకున్న పేరు ‘ఓల్త్ కొండవాలులు’ అన్న అర్థం వచ్చేది. నదికి ఫ్రెంచి పటాల్లో ఉన్న పేరు కాదు, తాతముత్తాతలు పిలిచిన పేరు.